కార్ ఇన్సూరెన్స్ బిల్లులో ఈ క్రైమ్ ప్రివెన్షన్ ఫీ ఏంటి? టెక్సాస్ వాళ్ళు ఎవరైనా చెప్పండి

ఫ్రిస్కో_కొత్త:
అందరికీ నమస్తే. ఈమధ్యే జార్జియా నుంచి డల్లాస్ వైపు మారాం, రెండు కార్లకి 6 నెలల పాలసీ తీసుకున్నా. ప్రీమియం కింద వేరే లైన్‌లో మోటార్ వెహికల్ క్రైమ్ ప్రివెన్షన్ అథారిటీ ఫీ అని కారుకి 2.50 డాలర్లు వేశారు. ఏజెంట్‌ని అడిగితే స్టేట్ ఫీ అండీ, అందరికీ ఉంటుంది అని ఊరుకున్నాడు. పెద్ద మొత్తం కాదు నిజమే, కానీ దేనికి కడుతున్నానో తెలియాలి కదా. పైగా రెండోది పాత కరోలా, దానికి లయబిలిటీ (ఎదుటివాళ్ళకి జరిగే నష్టానికి ఇచ్చేది) ఒక్కటే ఉంది, రేపు ఎవడైనా ఎత్తుకుపోతే ఇన్సూరెన్స్ నుంచి నాకు పైసా రాదు, మరి దొంగతనాల పేరు చెప్పి దాని మీద కూడా ఫీ ఏంటి? వద్దంటే తీసేస్తారా? మధ్యలో కంపెనీ మారితే మళ్ళీ కట్టాలా?

లాంగ్‌హార్న్_తెలుగు:
వద్దంటే తీసేది కాదు బ్రో, చట్టంలోనే ఉంది. కారుకి ఏడాదికి 5 డాలర్లు, నీది 6 నెలల పాలసీ కాబట్టి సగం. చట్టం ప్రకారం కట్టాల్సింది ఇన్సూరెన్స్ కంపెనీ, కాకపోతే కస్టమర్ దగ్గర వసూలు చేసుకోవచ్చు, అందుకే బిల్లులో వేసేస్తారు. దాంతోపాటు ఈ డబ్బు దేనికి వెళ్తుందో చెప్పే చిన్న నోటీస్ కూడా ఇవ్వాలి, నీ పాలసీ కాగితాల్లో ఎక్కడో ఉంటుంది, వెతుకు.

ఇది 1991లో కారుకి 1 డాలర్‌తో మొదలైంది. అప్పట్లో టెక్సాస్‌లో కార్ల దొంగతనాలు విపరీతం, ఆ డబ్బుతో సిటీ, కౌంటీ పోలీసులకి ఆటో థెఫ్ట్ టాస్క్‌ఫోర్సులు నడుపుకోమని గ్రాంట్లు ఇచ్చారు. 2011లో 2 డాలర్లు అయింది. నీ కరోలా ప్రశ్నకి జవాబు 2019లో జరిగిన దాంట్లో ఉంది. అంతకుముందు డ్రైవర్ రెస్పాన్సిబిలిటీ ప్రోగ్రామ్ అని ఒకటి ఉండేది, తాగి నడిపినా, ఇన్సూరెన్స్ లేకుండా దొరికినా కోర్టు ఫైన్ కాక మూడేళ్ళ పాటు ఏటా స్టేట్‌కి సర్‌చార్జీ కట్టాలి, కట్టకపోతే లైసెన్స్ సస్పెండ్, లైసెన్స్ లేకపోతే పనికెళ్ళలేరు, పనికెళ్ళకపోతే ఆ సర్‌చార్జీ కట్టలేరు, ఇలా లక్షల మంది పేదవాళ్ళు ఏళ్ళ తరబడి ఇరుక్కుపోయారు. చాలా అన్యాయమైన పద్ధతి. 2019 సెప్టెంబర్‌లో దాన్ని రద్దు చేశారు, మంచి పని చేశారు, కానీ దాన్నుంచి వచ్చే డబ్బులో సగం దాకా ట్రామా హాస్పిటళ్ళకి, అంటే తీవ్రంగా గాయపడినవాళ్ళని చూసే హాస్పిటళ్ళకి వెళ్ళేది. ఆ లోటు పూడ్చడానికి ట్రాఫిక్ టికెట్ మీద స్టేట్ ఫైన్ 30 నుంచి 50 డాలర్లు చేసి, ఇన్సూరెన్స్ ఫీ 2 నుంచి 4 చేశారు. ఆ 4 డాలర్లలో 60 శాతం ట్రామా కేర్, అంబులెన్సులకి. అంటే పేరు దొంగతనాలది, డబ్బులో పెద్ద వాటా యాక్సిడెంట్‌లో దెబ్బలు తగిలినవాళ్ళ వైద్యానికి. నీ కరోలాకి కూడా యాక్సిడెంట్ అవ్వొచ్చు కదా.

ఐదో డాలర్ 2023లో వచ్చింది. 2022 మార్చిలో హారిస్ కౌంటీ షెరిఫ్ డిప్యూటీ (అక్కడి పోలీసు) డారెన్ అల్మెండారెజ్ డ్యూటీలో లేనప్పుడు భార్యతో సరుకులకి వెళ్ళి బయటికి వచ్చేసరికి తన ట్రక్ కింద క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగని శుభ్రం చేసే భాగం, లోపల ఖరీదైన లోహాలుంటాయి) కోస్తూ దొంగలు కనిపించారు, ఆపబోతే కాల్చి చంపేశారు. ఆయన పేరు మీద వచ్చిన చట్టంతో కన్వర్టర్ దొంగతనాలకి శిక్షలు పెంచి, వాటి మీద పనిచేసే పోలీసుల కోసం ఈ డాలర్ కలిపారు.

ఫ్రిస్కో_కొత్త:
థాంక్స్ అన్నా, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. ట్రామాకి వెళ్తుందంటే నాకు అభ్యంతరం లేదు. కానీ ఒక్కటి మింగుడుపడట్లేదు. అసలు ఇన్సూరెన్సే లేకుండా తిరిగేవాడు కూడా యాక్సిడెంట్ అయితే అదే ట్రామా సెంటర్‌కి వెళ్తాడు, వాడు ఈ ఫీ కట్టడు. లక్ష డాలర్ల బండి వాడికీ నా కరోలాకీ అదే 5 డాలర్లు. రూల్ ప్రకారం పాలసీ తీసుకున్నవాడి మీదే వేయడం ఏంటి?

మిషిగన్_అక్క:
2.50 కోసం ఇంత అడగాలా అని నేను అనను తమ్ముడూ, అడగాల్సిందే. మా దగ్గర 2019లో ఈ టైపు ఫీ కారుకి ఏడాదికి 220 డాలర్లు ఉండేది. క్యాటస్ట్రాఫిక్ క్లెయిమ్స్ అసోసియేషన్ అని 1978లో చట్టం చేసి పెట్టారు, యాక్సిడెంట్‌లో వెన్నెముకో తలో దెబ్బతిని జీవితాంతం వైద్యం కావాల్సినవాళ్ళ పెద్ద ఖర్చు దాన్నుంచి వస్తుంది. గవర్నమెంట్ ఆఫీస్ కాదు, కానీ చట్టం వల్లే అందరి బిల్లులో ఉంటుంది. 2019లో చట్టం మార్చాక 100కి, తర్వాత 86కి దిగింది, 2022లో కారుకి 400 డాలర్ల చెక్కులు కూడా పంపారు, మా వాట్సాప్ గ్రూపుల్లో అందరూ సంబరపడ్డారు. 2023 జులైకి వచ్చేసరికి డెఫిసిట్ ఉందని అన్‌లిమిటెడ్ మెడికల్ కవరేజ్ తీసుకోనివాళ్ళ మీద కూడా 48 డాలర్లు వేశారు, ఆ చెక్కులు పంపకుండా ఉంచితే సరిపోయేది అనేది నా అభిప్రాయం.

నన్ను ఎక్కువ బాధపెట్టింది వేరే. అదే చట్టంలో ఇంట్లో నర్సింగ్, అటెండెంట్ కేర్ లాంటి చాలా సేవలకి ఇచ్చే రేట్లు 2021 జులై నుంచి 45 శాతం కోసేశారు. ఏజెన్సీలు మూతపడ్డాయి, వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ళకి కూడా రోజూ వచ్చే మనిషి లేకుండా పోయారు. 2019కి ముందు దెబ్బతిన్నవాళ్ళకి ఈ కోత వర్తించదని స్టేట్ సుప్రీం కోర్ట్ చెప్పేసరికి 2023 జులై అయింది, రెండేళ్ళు వాళ్ళు పడ్డ బాధ ఎవరు తీరుస్తారు. అందుకే ఫీ ఎంత అనేదానికంటే తగ్గించినప్పుడు ఎవరికి తగ్గింది అని చూడు.

సిడ్నీ_తెలుగోడు:
ఫ్రిస్కో గారు అడిగిన పాయింట్ మీద ఇక్కడ ఏళ్ళుగా గొడవ నడుస్తోంది. న్యూ సౌత్ వేల్స్‌లో ఫైర్, ఎమర్జెన్సీ సర్వీసుల బడ్జెట్‌లో 73.7 శాతం ఇన్సూరెన్స్ కంపెనీలే ఇవ్వాలి, అవి మన హోమ్ ఇన్సూరెన్స్‌లో లెవీగా వేస్తాయి. దాని మీద 10 శాతం జీఎస్టీ, ఆ మొత్తం మీద మళ్ళీ 9 శాతం స్టాంప్ డ్యూటీ. ప్రీమియం పెరిగేకొద్దీ జనం ఇన్సూరెన్స్ మానేస్తున్నారు, కట్టేవాళ్ళు తగ్గేకొద్దీ మిగిలినవాళ్ళ మీద భారం. ఇల్లు అంటుకుంటే ఫైరింజన్ మాత్రం అందరికీ వస్తుంది, రావాలి కూడా. 2009 బుష్‌ఫైర్ల తర్వాత వేసిన కమిషన్ చెప్పిందని విక్టోరియాలో 2013 నుంచి దీన్ని ఇన్సూరెన్స్ నుంచి తీసేసి ప్రాపర్టీ మీద వేశారు. మాకూ 2017లో చట్టం చేసి, అమలుకి కొద్ది వారాల ముందు వాయిదా వేశారు. నా ఓటు ప్రాపర్టీకే.

లాంగ్‌హార్న్_తెలుగు:
సిడ్నీ అన్నా, మీ లెవీ లాంటి మొత్తానికి నేనూ అదే అంటాను. టెక్సాస్‌లో స్టేట్ ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు కాబట్టి ప్రాపర్టీ ట్యాక్స్ ఇప్పటికే నడ్డి విరుస్తోంది, అక్కడ కొత్తది వేస్తామంటే ఎవరూ ఒప్పుకోరు. రిజిస్ట్రేషన్ ఫీలో కలిపితే ఇన్సూరెన్స్ లేనివాడు కూడా కడతాడు, నాకు అదే న్యాయం అనిపిస్తుంది. మీ స్టేట్ రెప్రజెంటేటివ్‌కి రాయండి, నేను రాశాను.

బెజవాడ_నుంచి:
అందరూ బిల్లులో కనిపించే ఫీ గురించి మాట్లాడుతున్నారు, మన దగ్గర కనిపించదు కానీ పద్ధతి ఉంది. మోటార్ వెహికల్ యాక్సిడెంట్ ఫండ్‌కి జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీలు డబ్బు కడతాయి. గుద్ది పారిపోయిన కేసుల్లో చనిపోతే 2 లక్షలు, తీవ్రంగా గాయపడితే 50 వేలు, 2022 ఏప్రిల్ నుంచి. అంతకుముందు 25 వేలు, 12,500 మాత్రమే. 2025 మే నుంచి రోడ్డు యాక్సిడెంట్ బాధితులకి 7 రోజుల వరకు లక్షన్నర దాకా క్యాష్‌లెస్ ట్రీట్‌మెంట్ స్కీమ్ కూడా వచ్చింది, బండికి ఇన్సూరెన్స్ ఉంటే ఇన్సూరెన్స్ కంపెనీల వాటా నుంచి, లేకపోతే బడ్జెట్ నుంచి. మీరు అడిగిన ఇన్సూరెన్స్ లేనివాడి సంగతి ఇక్కడ ఇలా పెట్టారు. బాధ ఏంటంటే హైవే పక్క ఊళ్ళలో మనిషిని పోగొట్టుకున్న ఇళ్ళవాళ్ళకి ఈ 2 లక్షల సంగతే తెలియట్లేదు. ఆర్డీవో లేదా తహసీల్దార్ దగ్గర అప్లై చేయాలి, మీ ఊళ్ళో ఎవరికైనా అవసరం ఉంటే ఫోన్ చేసి చెప్పండి దయచేసి.

ఫ్రిస్కో_కొత్త:
మా మండలం గ్రూప్‌లో ఇప్పుడే పెట్టాను అండీ. లాంగ్‌హార్న్ అన్నా, కంపెనీ మారే సంగతి మర్చిపోయావు.

లాంగ్‌హార్న్_తెలుగు:
సారీ బ్రో. చట్టంలో లెక్క బండికి ఎంతకాలం ఇన్సూరెన్స్ ఉందనే దాని మీద, ఏడాదిలో కొంత భాగం అయినా ఆ భాగానికే. మారే ముందు పాత కంపెనీని మిగిలిన నెలల ఫీ ఏం చేస్తారో ఈమెయిల్‌లో అడుగు, ఫోన్‌లో వద్దు, రాతలో ఉంటే తర్వాత పనికొస్తుంది.