ఛాయాచిత్రంలో ఛాయ నీడా, వెలుగా?

ప్రశ్న: మనిషి మేని మీద పడే వెలుగునీడలే ప్రాణమైన నలుపు తెలుపు ఛాయాచిత్రాల గురించి తిరుపతిలో మిత్రులతో మాట్లాడుతుండగా ఒక సందేహం వచ్చింది. 'ఫోటోగ్రఫీ' అన్న మాటకు గ్రీకు మూలంలో వెలుగుతో రాయడమని అర్థం కాగా, మనవాళ్లు నీడను తెచ్చి పెట్టడమేమిటి? 'కాంతిచిత్రం' అనవచ్చు కదా?

సమాధానం: అయ్యా, ఛాయ అంటే నీడ ఒక్కటే అనుకోవడం వల్ల వచ్చిన చిక్కు ఇది. అమరకోశం నానార్థవర్గంలో 'ఛాయా సూర్యప్రియా కాంతిః ప్రతిబింబమనాతపః' అని ఉంది. సూర్యుని భార్యను పక్కన పెడితే మిగిలిన కాంతి, ప్రతిబింబం, ఎండ లేమి అనే మూడర్థాలూ ఫోటోకు అతికినట్టు సరిపోతాయి. వెండి లవణాలు పూసిన ఫిల్ములో వెలుగు తగిలిన చోటే రసాయనాల్లో కడిగినప్పుడు నల్లబడుతుంది కనుక, నెగటివులో నుదురూ భుజమూ నల్లగాను, గడ్డం కింది నీడ తేటగాను ఉండి, ప్రింటులో తిరిగి తారుమారవుతాయి. నీడ అన్న మాట తప్పేమీ కాదు. 1839లో, ఫోటోగ్రఫీకి ఆద్యుల్లో ఒకడైన ఇంగ్లండువాడు టాల్బట్ కూడా తన పద్ధతిని నీడను నిలిపే కళ అనే చెప్పుకున్నాడు. మన చిత్తూరు వైపు అరవం వచ్చినవారిని అడిగితే 'నిళల్‌పడం' అంటారు, అక్కడా నీడే. (వారికే 'పుగైప్పడం' అన్న మాటా ఉంది, ఆ పొగ జోలికి ఇప్పుడు పోను.)

మనిషిని తీసేటప్పుడు మరో అర్థం ముందుకు వస్తుంది. చామనఛాయ అన్నప్పుడు ఛాయ మేనిరంగు. వెలుగును కొలిచే కెమెరా మీటరు తాను చూసినదల్లా సుమారు 18 శాతం వెలుగును తిప్పికొట్టే బూడిదరంగే అనుకుంటుంది కనుక, చంద్రగిరి రాజమహలు కమాను పక్క నిలబడిన చామనఛాయ మనిషి ముఖాన్ని దగ్గరగా కొలిచి, మీటరు చెప్పినట్టే తీస్తే, మేను ఉన్నదానికంటే తెల్లగా తేలిపోతుంది. ఎక్స్‌పోజరు, అంటే ఫిల్ముకు తగలనిచ్చే వెలుగు, కాస్త తగ్గించి, పక్కవెలుగును చెంప అంచుకు పరిమితం చేస్తేనే ఆ ఛాయ నిలుస్తుంది. 'కాంతిచిత్రం' అంటే ఇదంతా జారిపోదా?

ప్రశ్న: ఒప్పుకుంటున్నాను. మరి వెనుకవెలుగులో ఆకారం మాత్రమే నల్లగా కనబడే చిత్రాన్ని ఏమనాలి? తోలుబొమ్మలాటను తలచుకుని 'తోలుబొమ్మ చిత్రం' అంటే?

సమాధానం: కుదరదండీ. వెలుగు చొరబడేలా పలుచన చేసి రంగులద్దిన మన తోలుబొమ్మ తెర మీద రంగురంగులుగా కనబడుతుంది. మీరనేదానికి 'నీడబొమ్మ' చాలు. అక్కడ మాత్రం ఛాయ వద్దు.