టెలిస్కోప్ షెడ్డు రేకుల నుంచి నీటి బొట్లు: ఎలా ఆపాలి?

మదనపల్లె దగ్గర మా పెరట్లో 8×10 అడుగుల షెడ్డు కట్టి, పట్టాల మీద పక్కకు జరిగే రేకుల కప్పు పెట్టాను. లోపల 8 అంగుళాల న్యూటోనియన్ (అద్దంతో పనిచేసే) టెలిస్కోప్ ఎప్పుడూ స్టాండు మీదే ఉంటుంది.

డిసెంబరు నుంచి ఒకటే టెన్షన్. రాత్రి ఒంటిగంటకు కప్పు మూస్తే, తెల్లవారుజామున 5 గంటలకల్లా రేకు లోపలివైపు చెమట పట్టినట్టు బొట్లు వేలాడుతుంటాయి. బోల్టుల దగ్గర కూడుకుని టప్ టప్ మని ట్యూబు మీద పడతాయి. మొన్న అద్దం అంచున తెల్లటి మరక చూసి ప్రాణం ఉసూరుమంది.

తేమ పీల్చే సిలికా జెల్ గుళికలు అరకిలో పెడితే రెండు రోజులకే తడిసిపోయాయి. 40 వాట్ల బల్బు వెలిగించి ఉంచితే అద్దం మీద మంచు తగ్గింది గానీ రేకు బొట్లు ఆగలేదు. గోడల పైన జాలీలు పెట్టినా అంతే. తేమ మీటరు 90 శాతం పైనే చూపిస్తోంది.

కప్పు బరువు పెరిగి జరపడం కష్టం కాకుండా, రేకు కింద ఏం అంటిస్తే ఈ బొట్లు ఆగుతాయి?