బ్రేకు పట్టకుండానే సెల్ఫ్ తిరిగేలా స్విచ్చి డైరెక్టు చేయించుకోవచ్చా? (పక్క చక్రాల స్కూటరు)

పాలకొండ నీడ (కడప)

అందరికీ నమస్కారం. చిన్నప్పుడే పోలియో వచ్చి నా కుడికాలు చచ్చుబడింది. పక్క చక్రాలు బిగించిన గేరు లేని స్కూటరు మీద నాలుగేళ్లుగా తిరుగుతున్నాను. ఇంటి నుంచి నా జిరాక్సు దుకాణానికి, బ్యాంకుకు, బజారుకు అన్నిటికీ ఆ బండే.

రెండు నెలలుగా రెండు ఇబ్బందులు పట్టుకున్నాయి. పార్కింగ్ బ్రేకు లాకు వేసి సెల్ఫ్ నొక్కితే ఒక్కోసారి తిరుగుతుంది, ఒక్కోసారి టిక్కుమనే చప్పుడు కూడా రాదు. పోయిన వారం ఏడు రోడ్ల కూడలి దగ్గర మిట్టమధ్యాహ్నం ఇరవై నిమిషాలు బండి మీదే కూర్చుండిపోయాను. కిక్కు కొట్టే కాలు నాకు లేదు. ఎవరో కాలేజీ పిల్లవాడు వచ్చి కొట్టి పెట్టాడు.

రెండోది ఇంకా భయపెట్టింది. రాయచోటిలో మా చెల్లెలి ఇంటికి వెళ్తూ గువ్వలచెరువులో పాలకోవా కొందామని రోడ్డు అంచున ఆపాను. ఎడమ లివర్ లాగి లాకు వేసి, చంకకర్ర తీసుకుంటుండగా బండి మెల్లగా వెనక్కి జారింది. అంగడాయన పరుగున వచ్చి చక్రం కింద రాయి పెట్టాడు.

ఒక మెకానిక్కు చూపిస్తే, "బ్రేకు స్విచ్చి తీగలు రెండూ కలిపేసి డైరెక్టు చేసేస్తానమ్మా, బ్రేకు పట్టినా పట్టకపోయినా సెల్ఫ్ తిరుగుతుంది" అన్నాడు. ఇంకొకాయన వద్దన్నాడు గానీ కారణం చెప్పలేదు. చేయించుకోవాలా, వద్దా?

కుడిచేయి (అనంతపురం)

చేయించుకోండి అక్కా. నేను చేయించుకుని రెండేళ్లయింది. నాకు ఎడమచేయి బలహీనం. బ్రేకు లివర్ పూర్తిగా నొక్కితేనే సెల్ఫ్ తిరగాలన్న ఏర్పాటు రెండు చేతులూ, రెండు కాళ్లూ బాగా ఉన్నవాళ్లను దృష్టిలో పెట్టుకుని చేసింది. వాళ్లకు సెల్ఫ్ పనిచేయకపోతే కిక్కు ఉంది, కిక్కు లేకపోతే తోసుకుంటూ పోగలరు. మనకు సెల్ఫ్ తిరగకపోతే ఆ రోజు అక్కడే ఆగిపోతుంది. నడిరోడ్డు మీద పరాయివాళ్ల సాయం కోసం చూడటం ఎంత బాధో అనుభవించినవాళ్లకే తెలుసు. రెండేళ్లలో నాకు ఒక్క ప్రమాదం కూడా జరగలేదు.

చిత్రావతి (ధర్మవరం)

ముందు బ్యాటరీ మార్చండి. నాలుగేళ్ల బండి అంటున్నారు. మన ఎండలకు బ్యాటరీ అంతకాలం నిలవడమే ఎక్కువ.

తుంగభద్ర వైరింగ్ (కర్నూలు)

బళ్ల వైరింగ్ పనిలో ఇరవై రెండేళ్లుగా ఉన్నాను. పక్క చక్రాల బండ్లు నా దగ్గరికి చాలా వస్తాయి. డైరెక్టు చేయమని అడిగినవాళ్లను నేను తిప్పి పంపించేస్తాను. ఎందుకో వివరంగా చెప్తాను, ఎందుకంటే ఆ రెండో మెకానిక్ చెప్పి ఉండాల్సింది.

మొదట చిత్రావతి గారి మాట. బ్యాటరీ బలహీనపడితే సెల్ఫ్ నొక్కినప్పుడు రిలే (సెల్ఫ్ మోటారుకు కరెంటు కలిపే చిన్న డబ్బా) టకటకా కొట్టుకుంటుంది, లేదా మోటారు నీరసంగా తిరుగుతుంది, మీటరు దీపాలు మసకబారతాయి. ఈ అమ్మాయి బండిలో అసలు చప్పుడే లేదు. అంటే రిలే వరకు కరెంటు చేరడం లేదు. అయినా వోల్టు మీటరు పెట్టి చూడండి. బండి రాత్రంతా ఆగి ఉన్నాక బ్యాటరీ 12.5 వోల్టులకు పైన ఉండాలి, సెల్ఫ్ తిరిగేటప్పుడు 10కి దిగువకు పడిపోకూడదు, ఇంజన్ రేజ్ చేస్తే 14 దరిదాపుల్లోకి రావాలి. ఇవి సరిగా ఉంటే బ్యాటరీ మీద డబ్బు పెట్టకండి.

ఇక అసలు సంగతి. గేరు లేని స్కూటర్లలో ఎక్కువ వాటికి సెల్ఫ్ రిలేకు కరెంటు బ్రేకు దీపం తీగ నుంచే వెళ్తుంది. లివర్ నొక్కితే దాని మొదట్లో ఉన్న చిన్న స్విచ్చి కలుస్తుంది. అప్పుడు వెనక ఎర్రదీపం వెలుగుతుంది, సెల్ఫ్ బటనుకూ కరెంటు అందుతుంది. కాబట్టి ఎర్రదీపమే మీకు పరీక్ష. బండి దిగకుండానే చూడవచ్చు. చీకటి పడ్డాక వెనక భాగం గోడ వైపు ఉండేలా ఆపండి. తాళం తిప్పి ఎడమ లివర్ పట్టుకుని అద్దంలో చూడండి. గోడ మీద ఎర్ర వెలుగు పడుతుందా? ఇప్పుడు లాకు వేసి చేయి తీసేయండి. వెలుగు నిలిచిందా, ఆరిందా? తర్వాత కుడి లివర్‌తో చూడండి.

చేత్తో పట్టినప్పుడు వెలిగి, లాకు వేశాక ఆరిపోతే స్విచ్చి బాగున్నట్టే. లివర్‌ను పట్టి ఉంచే లాకు పన్ను అరిగి లివర్ కొద్దిగా వెనక్కి పోతోంది. సెల్ఫ్ తిరగకపోవడానికీ, బండి జారడానికీ అదే కారణం కావచ్చు. ఇలాంటప్పుడు స్విచ్చి డైరెక్టు చేస్తే సెల్ఫ్ తిరుగుతుంది, జారే బ్రేకు మాత్రం జారుతూనే ఉంటుంది. మీకు కనబడుతున్న ఒకే ఒక్క హెచ్చరిక కూడా పోతుంది.

డైరెక్టు చేస్తే ఎర్రదీపం ఎప్పుడూ వెలిగే ఉంటుంది. మీరు బ్రేకు వేశారో లేదో వెనక వచ్చే లారీ డ్రైవరుకు తెలియదు. బల్బు రకమైతే 21 వాట్లు, అంటే దాదాపు 1.75 ఆంపియర్లు. స్కూటరు బ్యాటరీలు మూడు నుంచి అయిదు ఆంపియర్-గంటలవి. దుకాణం ముందు తాళం తిప్పి వదిలి మరిచిపోతే రెండు గంటల్లో చిన్న బ్యాటరీ ఖాళీ. 2017 ఏప్రిల్ తర్వాతి బండ్లకు పగలు కూడా హెడ్‌లైటు వెలుగుతూనే ఉంటుంది, దాని మీద ఇదొక భారం. 2020 నుంచి వచ్చిన ఇంజెక్టరు బండ్లలో (పెట్రోలు చిమ్మడానికి కూడా కరెంటు కావాలి) బ్యాటరీ పూర్తిగా పడిపోతే కిక్కు కొట్టేవాళ్లు దొరికినా లాభం ఉండకపోవచ్చు.

అన్నిటికంటే పెద్ద కారణం ఇది. మీరు బండి ఎక్కేటప్పుడు దేన్ని పట్టుకుంటారు? నా దగ్గరికి వచ్చేవాళ్లను చూస్తుంటాను. చంకకర్ర ఎడమ చంకలో, కుడిచేయి హ్యాండిల్ మీద. ఒళ్లు పైకి లేపేటప్పుడు బరువంతా ఆ కుడిచేతి మీదే పడి, యాక్సిలరేటరు కొద్దిగా తిరుగుతుంది. తాళం తిప్పి ఉండి, ఆ స్థితిలో బొటనవేలు సెల్ఫ్ బటను మీద పడి ఇంజన్ అంటుకుంటే బండి ముందుకు దూకుతుంది. కాలు ఆన్చి ఆపుకోగలిగినవాళ్లకు అది చిన్న కుదుపు, మీకు కాదు. ఆ స్విచ్చి అవసరం అందరికంటే మీకే ఎక్కువ.

కుడిచేయి (అనంతపురం)

అన్నా, మీ అనుభవం మీద గౌరవం ఉంది. కానీ నా ప్రశ్నకు జవాబు రాలేదు. లివర్ నొక్కలేనివాడు ఏం చేయాలి? నేను బండి ఎక్కి సర్దుకున్నాకే తాళం తిప్పుతాను. ఎక్కేటప్పుడు తాళం జేబులోనే ఉంటుంది. ఆ నియమం రెండేళ్లలో ఒక్కరోజు తప్పలేదు. బ్రేకు దీపం సంగతి మాత్రం ఒప్పుకుంటాను, అది నేను ఆలోచించలేదు.

తుంగభద్ర వైరింగ్ (కర్నూలు)

తమ్ముడూ, కుడి లివర్‌కు కూడా స్విచ్చి ఉంటుంది. రెండిట్లో ఏది కలిసినా సెల్ఫ్ తిరగాలి. కుడి లివర్‌ను వేళ్లతో పట్టి అదే చేతి బొటనవేలితో సెల్ఫ్ నొక్కండి. తిరగకపోతే ఆ స్విచ్చి పోయినట్టు. మార్చడం పెద్ద పనేం కాదు, ఖర్చు కూడా తక్కువే.

పక్కచక్రం (తాడిపత్రి)

వైరింగ్ గురించి అన్న చెప్పినదానికి నేను కలిపేది లేదు. గువ్వలచెరువులో బండి జారడం గురించి మాత్రం ఒక్క లాకునే తప్పుపట్టకండి. నేను పక్క చక్రాల ఫ్రేములు బిగిస్తాను.

జనం మూడు చక్రాల బండి అంటారు గానీ, అసలు వెనక చక్రం ఉంచి పక్కన రెండు బిగిస్తే నేలను తాకేవి నాలుగు. వెనకవాటిలో బ్రేకు మధ్యలో ఉన్న పాత చక్రానికే ఉంటుంది, పక్క చక్రాలు ఊరికే తిరుగుతాయి. ఇప్పుడు రోడ్డు అంచును ఊహించుకోండి. తారు ఎత్తుగా, మట్టి పల్లంగా ఉంటుంది. ఒక పక్క చక్రం తారు మీద, రెండోది మట్టి మీద, మధ్య చక్రం ఆ రెండిటి నడుమ గుంత మీద. బరువంతా పక్క చక్రాలే మోస్తాయి, మధ్య చక్రం నేలను అంటీ అంటనట్టు ఉంటుంది. బ్రేకు ఎంత బిగిసి ఉన్నా బండి జారుతుంది. చక్రం తిరగదు, ఈడ్చుకుపోతుంది.

చదునైన సిమెంటు నేల మీద బండి ఆపి, మీరు కూర్చుని ఉండగా మధ్య టైరు కింద మడిచిన కాగితం పెట్టించి లాగమనండి. సులువుగా వచ్చేస్తే పక్క చక్రాలు మరీ కిందికి దిగి ఉన్నాయన్నమాట. మధ్య టైరు అరిగినా, దానిలో గాలి తగ్గినా ఇదే జరుగుతుంది. పక్క చక్రాల గాలి చూసుకుంటారు, మధ్యదాన్ని మరిచిపోతారు, అది కనబడదు కాబట్టి.

ఇంకొక మాట. ఫ్రేము బిగించేటప్పుడు బండి మీద వెల్డింగు చేస్తే ముందు బ్యాటరీ తీగలు విప్పాలి. అది చేయకపోవడం వల్ల పాడైన రెగ్యులేటర్లు (ఛార్జింగు వోల్టులను అదుపులో ఉంచేవి) చూశాను.

పాలకొండ నీడ (కడప)

నాలుగు రోజుల తర్వాత రాస్తున్నాను. గోడ పరీక్ష చేశాను. ఎడమ లివర్ పట్టుకుంటే గోడంతా ఎర్రగా వెలిగింది. లాకు వేసి చేయి తీయగానే ఆరిపోయింది. మళ్లీ వేశాను, నిలిచింది. మూడోసారి మళ్లీ ఆరింది. ఆ ఎర్ర వెలుగు పోయిన ప్రతిసారీ నాకు కోవా అంగడి ముందు బండి కదలడమే గుర్తుకొచ్చింది. కుడి లివర్‌కు దీపం ప్రతిసారీ వెలిగింది, సెల్ఫ్ కూడా తిరిగింది. నాలుగేళ్లుగా బండి నడుపుతున్నాను, కుడి బ్రేకు పట్టి సెల్ఫ్ కొట్టవచ్చని నాకు ఎవరూ చెప్పలేదు. తెలిసి ఉంటే ఏడు రోడ్ల దగ్గర అంతసేపు ఎండలో కూర్చునేదాన్ని కాదు.

లాకు కొక్కెం విప్పి చూపించారు. పన్ను కొస గుండ్రంగా, సబ్బుబిళ్లలాగా అరిగిపోయింది. కొత్తది వేసి, వదులైన బ్రేకు కేబుల్ బిగించారు. మా తమ్ముడు కాగితం పెట్టి లాగితే చేతికి వచ్చేసింది. మధ్య టైరులో గాలి సగమే ఉంది. గాలి పట్టించాక కాగితం చిరిగింది గానీ రాలేదు. స్విచ్చి డైరెక్టు చేయించలేదు.

కుడిచేయి (అనంతపురం)

అక్కకు పని అయినందుకు సంతోషం. నేనూ చూశాను. నా కుడి స్విచ్చి తీగ ఒకటి ఊడి ఉంది, అతికించాను. చదును నేల మీద ఇప్పుడు కుడి లివర్‌తోనే సెల్ఫ్ కొడుతున్నాను, డైరెక్టు తీయించేశాను.

కానీ అన్నా, ఎత్తు మీద ఆగితే? కుడిచేత్తోనే బ్రేకు పట్టాలి, అదే చేత్తో యాక్సిలరేటరు తిప్పాలి. బ్రేకు వదిలి యాక్సిలరేటరు అందుకునేలోపు బండి వెనక్కి పోతుంది. ఎడమ లాకును మణికట్టుతో నెట్టి వేయగలను గానీ, తీసేటప్పుడు లివర్ ఇంకొంచెం లాగాలి, ఆ బలం లేదు. డైరెక్టు తప్పని మీరు నన్ను ఒప్పించారు. పార్కింగ్ బ్రేకు మాత్రం నాలాంటివాడి కోసం చేసింది కాదని ఇప్పటికీ అంటాను.

తుంగభద్ర వైరింగ్ (కర్నూలు)

ఆ మాట నిజమే తమ్ముడూ, దానికి నా దగ్గర వైరింగ్‌లో మందు లేదు. తాడిపత్రి అన్నా, మధ్య చక్రం బ్రేకుకు విడిగా ఒక కేబుల్ తీసి, కుడి మోకాలి పక్కన ఆటోకు ఉన్నట్టు నిలువు హ్యాండిల్ బిగించడం మీరు ఎప్పుడైనా చేశారా?

పక్కచక్రం (తాడిపత్రి)

రెండు బండ్లకు చేశాను. మధ్య చక్రం బ్రేకు డ్రమ్ము దగ్గర, కేబుల్ లాగే ఇనుప చేయికి రెండు కేబుళ్లు పట్టేలా చిన్న బ్రాకెట్ కావాలి. ఒక కేబుల్ లాగినప్పుడు రెండోది వదులై కొక్కెం నుంచి జారకుండా స్ప్రింగు పెట్టాలి, మొదటి బండికి అది పెట్టక నేనే మళ్లీ విప్పాల్సి వచ్చింది. కుడిచేయి తమ్ముడు బండి తాడిపత్రి తెచ్చేటప్పుడు ఎవరినైనా తోడు తీసుకుని రండి, హ్యాండిల్ ఎంత ఎత్తులో ఉండాలో మీరు కూర్చుని చూపిస్తేనే కొలత తీయగలను.