సోకోవియా ఒప్పందం: టోనీదే న్యాయమా?

పటమట కుర్రాడు: ‘కెప్టెన్ అమెరికా: సివిల్ వార్’ సినిమా మళ్లీ చూశా. సూపర్ హీరోలు ఐక్యరాజ్యసమితి కమిటీ చెప్పినట్టే పనిచేయాలన్నదే అందులోని సోకోవియా ఒప్పందం. ఐరన్ మ్యాన్ టోనీ సరేనన్నాడు. 117 దేశాలు ఒప్పుకున్నదాన్ని కెప్టెన్ అమెరికా స్టీవ్ ఒక్కడూ కాదనడమేంటి? లాగోస్‌లో హీరోల ఆపరేషన్‌లో చనిపోయినవాళ్లకి ఎవరు జవాబుదారీ? సూపర్ హీరోల మీద ప్రభుత్వ అజమాయిషీ ఉండాల్సిందే. మీరేమంటారు?

సింగ్‌నగర్ వాసి: వద్దే వద్దు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు నీళ్లొస్తే మేడ మీద కూర్చుని పడవ కోసం ఎదురుచూశాం. పక్క వీధి కుర్రాళ్లు ట్యూబుల మీద పాల ప్యాకెట్లు తెచ్చిచ్చారు, ఎవరి ఆర్డరూ అడగలేదు. ఎగరగలిగినవాడు కమిటీ తేల్చేదాకా ఆగాలా?

బ్రాడీపేట లాయర్: విపత్తుల్లో కాపాడే ఎన్‌డీఆర్‌ఎఫ్ కూడా 2005 విపత్తు నిర్వహణ చట్టం కిందే పనిచేస్తుందండీ. చట్టం ఉంటే సాయం ఆగిపోదు. గుంటూరు కోర్టులో క్రిమినల్ కేసులే నా వృత్తి కాబట్టి చెబుతున్నా, అసలు దారుణం ఎదురు తిరిగిన హీరోల్ని బంధించిన రాఫ్ట్ జైలు. పట్టుబడ్డ తన స్నేహితుడు బకీకి లాయర్ సంగతేంటని స్టీవ్ అడిగితే అధికారి ఎవరెట్ రాస్ నవ్వేస్తాడు! మన దగ్గరైతే రాజ్యాంగం 22వ అధికరణం ప్రకారం అరెస్టయినవాణ్ని 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందుంచాలి.

కామిక్స్ పిచ్చి: సినిమా ఒక్కటే చూసి వాదిస్తే ఇలాగే ఉంటుంది. 2006లో మొదలైన ‘సివిల్ వార్’ కామిక్ చదవండి. రెండో సంచికలోనే స్పైడర్‌మ్యాన్ పీటర్ ప్రెస్ ముందు ముసుగు తీశాడు. తర్వాత అతన్ని పెంచిన ఆంట్ మేకి తూటా తగిలింది. హీరోలు అసలు పేరు ప్రభుత్వానికి చెప్పే రిజిస్ట్రేషన్ అంటే అదీ.

పటమట కుర్రాడు: నేనడిగింది సినిమా గురించి బ్రో.

అరండల్‌పేట టీచర్: సినిమా గురించే అడుగుతా. ఉండవల్లి గుహలకు తీసుకెళ్లాలన్నా మేం తల్లిదండ్రుల సంతకం తీసుకుంటాం. మీ టోనీ ఆంట్ మేకి అబద్ధం చెప్పి, బడికెళ్లే పిల్లాణ్ని లైప్‌జిగ్ ఎయిర్‌పోర్టు కొట్లాటలోకి దింపాడు. వీడా రూల్స్ గురించి చెప్పేది?

పటమట కుర్రాడు: పీటర్ ఒప్పుకునే వెళ్లాడుగా అక్కా.

అరండల్‌పేట టీచర్: మైనర్ ఒప్పుకుంటే సరిపోతుందా? మీ ఇంట్లో పిల్లాడైతే ఇలాగే అంటావా?

బ్రాడీపేట లాయర్: మన చట్టంలో మైనర్ కాంట్రాక్టు చెల్లదు. 1903లోనే అప్పటి పై కోర్టు ప్రివీ కౌన్సిల్ తేల్చేసింది.

పటమట కుర్రాడు: కాంట్రాక్టెక్కడుంది సార్ అక్కడ? అందరూ కలిసి టోనీ మీద పడ్డారు. సోకోవియాలో కొడుకుని పోగొట్టుకున్న తల్లి వాడి ఫొటో చేతిలో పెడితే కదిలిపోయాడు ఆయన. అది మాత్రం ఎవరికీ గుర్తులేదు.

కొత్త సభ్యుడు: ఆ కామిక్ విజయవాడలో దొరుకుతుందా అండీ?

కామిక్స్ పిచ్చి: లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుల్లో వెతుకు తమ్ముడూ. విడి సంచికలు కాదు, అన్నీ కలిపిన పుస్తకం కొను.

సింగ్‌నగర్ వాసి: పుస్తకాల సంగతి తర్వాత. లాగోస్‌లో విలన్ క్రాస్‌బోన్స్ సంత మధ్యలో బాంబు పేల్చుకున్నాడు. హీరోల జట్టులోని వాండా ఆ పేలుడుని పైకి లేపకపోతే కింద ఎంతమంది పోయేవాళ్లు? కుర్రాడూ, ముందు దానికి చెప్పు.