వేరుపురుగు మందు వల్ల వేరుశనగ వేళ్లపై బుడిపెలు తగ్గుతాయా?

ప్రశ్న (కదిరి ప్రాంత రైతు):
మాది ఎర్ర ఇసుక నేల. వర్షాధారంగా వేరుశనగ వేస్తాము. వేరుపురుగు బెడద వల్ల ఏటా విత్తనానికి క్లోరిపైరిఫాస్ పట్టిస్తున్నాము, ఉధృతి ఎక్కువైతే మొదళ్ల దగ్గర కూడా పోస్తున్నాము. ఈమధ్య వేళ్లపై బుడిపెలు బాగా తగ్గాయి. ఈ మందు నేలలోని సూక్ష్మజీవులను చంపి భూసారాన్ని దెబ్బతీస్తోందా? మానేద్దామంటే పురుగు మొక్కను నిలవనివ్వదు.

జవాబు (వ్యవసాయ విస్తరణలో పనిచేసిన వ్యక్తి):
నేల మొత్తం నిర్జీవమవుతుందన్న భయం అక్కర్లేదండి. కొన్ని సూక్ష్మజీవులు ఈ మందులనే విరగ్గొట్టి వాడుకుంటాయి. క్లోరిపైరిఫాస్ వర్గానికే చెందిన డయజినాన్‌ను విచ్ఛిన్నం చేసే బాక్టీరియాను సేతునాథన్, యోషిదా అనే శాస్త్రవేత్తలు ఫిలిప్పీన్స్ వరిమడి నుంచి వేరుచేసి 1973లో ప్రకటించారు. అయితే అన్నీ అంత గట్టివి కావు. అమ్మోనియాను నైట్రేటుగా మార్చే బాక్టీరియా సున్నితమైనవి. పైగా క్లోరిపైరిఫాస్ విరిగినప్పుడు ఏర్పడే ట్రైక్లోరోపిరిడినాల్‌కు సూక్ష్మజీవులను అణచే గుణం ఉంది కనుక, సిఫారసుకు మించి మొదళ్లలో పోయడమే నాకు ఎక్కువ ఆందోళన కలిగిస్తోంది.

బుడిపెల విషయంలో మాత్రం ముందుగా శిలీంధ్రనాశినిని అనుమానిస్తాను. థైరమ్, కాప్టాన్ వంటివి రైజోబియంకు, అంటే వేళ్లపై బుడిపెలు ఏర్పరచి గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే బాక్టీరియాకు, బాగా హాని చేస్తాయి. మీరు విత్తనశుద్ధికి ఇంకేమి వాడుతున్నారు?

ప్రశ్న అడిగిన రైతు:
థైరమ్ పట్టిస్తున్నాము. రైజోబియం పొడిని కూడా అప్పుడే, అదే విత్తనానికి కలుపుతున్నాము.

జవాబు (ధర్మవరం వైపు రైతు):
అన్నా, రైజోబియం దెబ్బతినేది అక్కడే. మందు తడి ఆరకముందే కలిపితే ఆ బాక్టీరియా బతకడం కష్టం. మేము మందులు పట్టించిన విత్తనాన్ని నీడలో ఆరబెట్టి, రైజోబియంను విత్తనానికి తగిలించకుండా, మాగిన పశువుల ఎరువులో కలిపి సాళ్లలో వేస్తున్నాము.

జవాబు (విస్తరణలో పనిచేసిన వ్యక్తి):
ఆ పద్ధతే మంచిది. ఈసారి పురుగు తక్కువగా ఉన్న వైపు నాలుగు సాళ్లు ఏ మందూ పట్టించకుండా విత్తండి. సుమారు 40 రోజుల పైరులో రెండు వైపులా మొక్కలను చేత్తో లాగకుండా పారతో మట్టిగడ్డతో సహా తవ్వి, నీటిలో నానబెట్టి కడగండి. లాగితే బుడిపెలు మట్టిలోనే తెగిపోతాయి. వాటిని గోటితో చీల్చినప్పుడు లోపల గులాబీ లేదా ఎరుపు రంగు ఉంటే నత్రజనిని స్థిరీకరిస్తున్నట్టు, ఆకుపచ్చగానో బూడిద రంగులోనో ఉంటే పనిచేయనట్టు. మట్టి పరీక్షలో సేంద్రియ కర్బనం కూడా చూపించుకోండి, 0.5 శాతానికి లోపు ఉంటే పశువుల ఎరువుకే మొదటి ఖర్చు పెట్టండి.