సెంట్రింగ్‌లో సెంటర్ ఎక్కడుంది?

పాతమేడ: మా ఇంటి మీద ఇంకో అంతస్తు వేస్తున్నాం. పొద్దున లేస్తే ఒకటే మాట. సెంట్రింగ్ కొట్టారా, సెంట్రింగ్ వాళ్లకి అడ్వాన్సు ఇచ్చారా, సెంట్రింగ్ ఎప్పుడు విప్పుతారు. బల్లపరుపు స్లాబు కింద కొట్టే చెక్కలకీ రేకులకీ ఆ పేరెందుకు? ఇందులో సెంటర్ ఏది?

సున్నంబట్టి: అది స్లాబు మాట కాదండీ, కమాను మాట. ఇంగ్లండులో ఇటుక కమాను కట్టాలంటే ముందు దాని కింద అదే ఒంపులో చెక్క చట్రం నిలబెట్టేవారు. దాన్ని సెంటర్ అనీ, సెంటరింగ్ అనీ అనేవారు. రెండు పక్కల నుంచీ ఇటుకలు పేర్చుకుంటూ వచ్చి నడినెత్తిన కలిపేదాకా కమానుకి సొంత బలం లేదు, మోసేదంతా ఆ చెక్కే. చివరి ఇటుక దిగాక ఒకదాన్నొకటి నొక్కుకుంటూ నిలబడతాయి. అప్పుడు చట్రం కింద ఎదురెదురుగా దూర్చిన వాలు చెక్క చీలల్ని కొద్దికొద్దిగా వదులు చేస్తూ దించుతారు. తొందరపడితే గోవిందా.

తొందరపడిన కథ ఒకటి ఉంది. లండనుకి పడమరగా మెయిడెన్‌హెడ్ దగ్గర థేమ్స్ నది మీద గ్రేట్ వెస్టర్న్ రైల్వే కంపెనీకి బ్రూనెల్ అనే ఇంజనీరు కట్టించిన ఇటుక వంతెన. నది మీద రెండే పెద్ద కమానులు. ఒక్కోటి 128 అడుగుల వెడల్పు, ఎత్తు చూస్తే 24 అడుగులే. అంత వెడల్పుకి అంత తక్కువ ఒంపేమిటి, కూలిపోతుందని అప్పట్లో చాలామంది తేల్చేశారు. 1838లో బిగింపు పూర్తిగా పట్టకముందే కాంట్రాక్టరు సెంటరింగ్ వదులు చేశాడు. తూర్పు కమాను కింది వరసల ఇటుకలు విడిపోయాయి. ఇంకేం, విమర్శకులకి పండగే. బ్రూనెల్ దాన్ని బాగు చేయించాడు. ఈసారి చట్రాన్ని కమానుకి తగలకుండా కాస్త దించి అలాగే ఉంచాడు. చెక్క ఉంది కాబట్టే నిలబడిందని జనం అనుకుంటూ ఉండగా తుపాను వచ్చి ఆ చెక్కంతా కొట్టుకుపోయింది. కమానులు చెక్కుచెదరలేదు. ఇవాళ్టికీ దాని మీద రైళ్లు నడుస్తున్నాయి. ఒడ్డున కాలిబాట మీది కమాను కింద నిలబడి కేకేస్తే ప్రతిధ్వని బ్రహ్మాండంగా వస్తుందని దానికి ‘సౌండింగ్ ఆర్చ్’ అని పేరు కూడా పడింది.

పాతమేడ: కథ బాగుంది గానీ, కమాను మాట స్లాబుకి ఎలా ఎక్కింది?

ఇనుపదూలం: మధ్యలో ఓ మెట్టు ఉంది. ఇంగ్లండులోని ష్రూస్‌బరీలో 1797లో చార్లెస్ బేజ్ రూపకల్పనలో అవిసె నార మిల్లు కట్టారు. నారపొడి వల్ల అప్పటి మిల్లులు చిటికెలో తగలబడిపోయేవి. అందుకని చెక్క దూలాలు మానేసి పోత ఇనుప దూలాలు వేసి, వాటి మధ్య చిన్నచిన్న ఇటుక కమానులు తిప్పి, పైన చదును చేసి అంతస్తు తయారు చేశారు. అంటే నేలే కమానుల మీద ఉంది. మన పాత రైల్వే బంగళాల్లో తలెత్తి చూస్తే ఇనుప దూలాల మధ్య అలలు అలలుగా కనిపించే కప్పు ఈ కోవదే. దానికీ కింద సెంటరింగ్ కావాలి కదా. తర్వాత కాంక్రీటు వచ్చింది, ఒంపు పోయింది, పనివాళ్లు మాత్రం అదే పేరుతో పిలిచారని నా లెక్క.

అత్తరు_అక్షరం: మాట పుట్టుక దగ్గర ఓ చిన్న మెలిక. ఫ్రెంచిలో ఈ చట్రాన్ని ‘సేంత్ర్’ అంటారు. దానికి మూలం లాటిన్‌లో నడికట్టు అనే అర్థమున్న మాట. కేంద్రానికీ దానికీ చుట్టరికం లేదు. ఇంగ్లీషువాళ్ల ‘సెంటర్’ ఈ ఫ్రెంచి మాటే వేషం మార్చుకుని వచ్చిందేమో అని నాకు గట్టి అనుమానం. అదే నిజమైతే పాతమేడ గారు అడిగిన సెంటర్ మొదట్నుంచీ లేనే లేదు!

గోదారిగట్టు: ఒక టెండరు నోటీసు అనువాదంలో సెంట్రింగ్ పనులకి ‘కేంద్రీకరణ పనులు’ అని చూశాను. ఆ మాట మేస్త్రి ముందు అని చూడండి, తాపీ కింద పడేసి టీకి పోతాడు. ఇంకోటి, ‘కీస్టోన్’కి మూలరాయి అని రాస్తున్నారు. మూలరాయి గోడ మూలన ఉంటుంది. ఇది కమాను నడినెత్తిన ఉండేది.

సున్నంబట్టి: నిజమే. పైగా ఇటుక కమానుల్లో చాలావాటికి విడిగా కీస్టోన్ ఉండదు. నెత్తిన ఉన్న ఇటుకా పక్కన ఉన్న ఇటుకా ఒకే పని చేస్తాయి. ‘ఉద్యమానికి కీస్టోన్’ లాంటి వాడుకలు విని దాన్నేదో మహత్తు గల రాయి చేశాం.

ఇంకో మాట, బల్లపరుపుగా ఉన్నదల్లా కమాను కాదనుకోకండి. 1666లో లండన్ తగలబడ్డాక మర్నాటి ఏడు చట్టం చేసి, ఇళ్ల బయటి గోడలు ఇటుకతోనో రాతితోనో కట్టాలన్నారు. ఆ తర్వాతి ఇళ్ల కిటికీల పైన చూడండి, గీత గీసినట్టు తిన్నగా ఉండే ఎర్ర ఇటుక వరస ఉంటుంది. అది కమానే. మెత్తటి ఇటుకని కోసి, రాతి మీద అరగదీసి, పైన వెడల్పు కింద సన్నంగా చేసి, మధ్యలో వెంట్రుకంత సున్నం పెట్టి నిలబెడతారు. అలా అరగదీసే ఇటుకల్ని అక్కడి పనివాళ్లు రబ్బర్లు అంటారు. దాని కింద కూడా ఓ చెక్క పెట్టాల్సిందే, నడుమ మాత్రం ఆవగింజంత ఉబ్బు ఉంచుతారు. పూర్తిగా తిన్నగా కడితే చూసేవాళ్లకి కిందికి వంగినట్టు కనిపిస్తుందట.