యాన్‌ఫీల్డ్‌లో మ్యాచ్ రోజు: కారు ఎక్కడ పెడుతున్నారు, తిరిగి ఎలా వస్తున్నారు?

వారింగ్టన్ బావ:
వచ్చే నెల లివర్‌పూల్ మ్యాచ్‌కి నాలుగు టికెట్లు దొరికాయి. శనివారం, సాయంత్రం 5:30 కిక్ ఆఫ్. నేను, మా ఆవిడ, తొమ్మిదేళ్ల బాబు, ఇండియా నుంచి వచ్చిన మా మామగారు. ఆయనకి మోకాళ్ల నొప్పులు, ఎక్కువ దూరం నడవలేరు. వాళ్ల స్టేడియం యాన్‌ఫీల్డ్‌కి నేను వెళ్లి చాలా ఏళ్లయింది. అప్పట్లో పక్క సందులో కారు పెట్టి వెళ్లిపోయేవాళ్లం. ఇప్పుడు స్టాండ్లు పెంచారు, రూల్స్ కూడా గట్టిగా ఉన్నాయంటున్నారు. కారు తేవాలా, రైల్లో రావాలా? ఈ మధ్య వెళ్లినవాళ్లు చెప్పండి.

పాత కాపు:
ఆ సందుల్ని ఇక మరచిపోండి బావగారూ. 2016లో మెయిన్ స్టాండ్ పెంచకముందు అక్కడ 45 వేల చిల్లర మంది పట్టేవాళ్లు. అది 54 వేలయింది. తర్వాత యాన్‌ఫీల్డ్ రోడ్ స్టాండ్ మీద ఇంకో 7 వేల సీట్లు వేశారు. మధ్యలో కాంట్రాక్టర్ చేతులెత్తేసి పని ఆలస్యమైంది కానీ 2024 కల్లా మొత్తం తెరిచేశారు. ఇప్పుడు లెక్క 61 వేల పైమాటే. అంటే ఎనిమిదేళ్లలో దాదాపు 16 వేలమంది అదనం. వీధులు మాత్రం పాతవే, గోడకి గోడ ఆనుకున్న ఇళ్లు, ఎదురుగా కారొస్తే ఒకరు వెనక్కి తీయాల్సిందే. స్టాండ్ కోసం యాన్‌ఫీల్డ్ రోడ్డునే చుట్టూ తిప్పారు.

చుట్టుపక్కల వీధులన్నీ మ్యాచ్ రోజున స్థానికుల పర్మిట్ జోన్. పర్మిట్ లేకుండా పెడితే కౌన్సిల్ ఫైన్ 70 పౌండ్లు. 14 రోజుల్లో కడితే 35. స్టేడియం పక్కన స్టాన్లీ పార్క్ కార్ పార్క్ ఉంది కానీ అక్కడ చోటు ముందే అయిపోతుంది. మ్యాచ్ రోజు వెళ్లి అడిగితే పని జరగదు.

గోల్‌పోస్ట్ గోవిందం:
ఫైన్ 35 అంటే నలుగురికీ రైలు ఖర్చుతో సమానమేగా, పెట్టేసి కట్టేస్తే పోలా 😄

నైట్‌షిఫ్ట్ నర్స్:
గోవిందం గారూ, మీరు నవ్వుతూ రాశారు కానీ నిజంగా అలా లెక్కేసుకుని వచ్చేవాళ్లు ఉన్నారు. నేను స్టేడియానికి రెండు వీధుల అవతల ఉంటాను. ఇల్లు అద్దెకి తీసుకునేటప్పుడు ఏజెంట్ "మ్యాచ్ రోజు కాస్త సందడిగా ఉంటుంది" అని ఊరుకున్నాడు.

నా డ్యూటీ రాత్రి ఏడున్నరకి మొదలవుతుంది. మంగళ, బుధవారాల్లో యూరోపియన్ మ్యాచ్ ఉంటే కిక్ ఆఫ్ ఎనిమిదికి. అంటే నేను బయల్దేరే సమయానికి వీధి నిండా జనం, స్టేడియం పక్కనున్న వాల్టన్ బ్రెక్ రోడ్ మూసేసి ఉంటుంది. కారు మా గుమ్మం ముందే ఉంటుంది, పర్మిట్ అద్దం మీదే ఉంటుంది, కానీ కదలదు. అందుకని ఆ రోజుల్లో మధ్యాహ్నం నిద్ర మధ్యలో లేచి, కారు తీసుకెళ్లి జోన్ అవతల దూరంగా పెట్టి, నడిచి ఇంటికొచ్చి మళ్లీ పడుకుంటాను. సాయంత్రం యూనిఫామ్ మీద కోటు వేసుకుని ఎర్ర స్కార్ఫ్‌ల ప్రవాహానికి ఎదురీదుతూ కారు దాకా నడుస్తాను. పర్మిట్ ఉన్న మనిషిని, మ్యాచ్ రోజు నా కారే నా వీధిలో ఉండదు.

మా పక్కింటి పెద్దావిడని చూసుకోవడానికి రోజూ సాయంత్రం కేరర్ వస్తుంది. ఆ అమ్మాయి ఒకసారి కారు పెట్టే చోటు లేక మూడు చుట్లు తిరిగింది, పెద్దావిడ మందులు ఆలస్యమయ్యాయి. మా వీధిలో పర్మిట్ లేకుండా పెట్టిన కార్లు ఆ రోజు కళ్లముందే కనిపిస్తున్నాయి. వాళ్లలో ఎవరో 35 పౌండ్ల లెక్క వేసుకునే ఉంటారు.

ఫుట్‌బాల్ మీద నాకేం కోపం లేదు. గోల్ పడితే మా కిటికీ అద్దాలకి ముందు తెలుస్తుంది, టీవీలో తర్వాత వస్తుంది.

గోల్‌పోస్ట్ గోవిందం:
సారీ అక్కా. ఆ కోణం తట్టలేదు. స్మైలీ వెనక్కి తీసుకుంటున్నా.

మెర్సీరైల్ మావయ్య:
బావగారికి పనికొచ్చే మాట చెప్తాను. స్టేడియానికి స్టేషన్ లేదు. దగ్గరున్నది కర్క్‌డేల్, అక్కడినుంచి దాదాపు మైలు నడక. అందరూ వాడేది శాండ్‌హిల్స్. అక్కడ దిగితే సాకర్‌బస్ ఉంటుంది, మ్యాచ్‌కి ముందు స్టేడియానికి, మ్యాచ్ అయ్యాక తిరిగి స్టేషన్‌కి.

మీరు కారు తేవాలనే అనుకుంటే ఊళ్లోకి రాకండి. మోటార్‌వే మీంచి వచ్చి మాగల్ నార్త్‌లో కారు పెట్టండి. 2018లో తెరిచిన స్టేషన్, పార్క్ అండ్ రైడ్ కోసమే అన్నట్టు కట్టారు. ఆర్మ్‌స్కర్క్ లైన్ రైలు ఎక్కితే ఎక్కడా మారకుండా శాండ్‌హిల్స్‌లో దిగొచ్చు. మ్యాచ్ రోజు పార్కింగ్ నిండిపోతుంది కాబట్టి పొద్దు ఉండగానే రావాలి. M62 మోటార్‌వే చివరిదాకా వచ్చి ఊళ్లోని క్వీన్స్ డ్రైవ్ రోడ్డు ఎక్కితే మాత్రం ఆ తర్వాత మీ ఇష్టం, దేవుడి దయ.

వారింగ్టన్ బావ:
మావయ్యా, శాండ్‌హిల్స్‌లో తిరుగు ప్రయాణానికి క్యూ భయంకరంగా ఉంటుందని విన్నాను. పెద్దాయనతో టెన్షన్.

మెర్సీరైల్ మావయ్య:
ఉంటుంది. అబద్ధం చెప్పను. స్టేషన్ చిన్నది, ప్లాట్‌ఫారం మీద తొక్కిసలాట కాకుండా జనాన్ని బయటే ఆపి విడతలుగా వదులుతారు. పైగా 2025 ఆగస్టు నుంచి ఈ ఊరి ఇంకో జట్టు ఎవర్టన్ కొత్త స్టేడియానికి కూడా ఇదే దగ్గరి స్టేషన్. అక్కడ ఇంకో 52 వేల పైన సీట్లు. రెండు జట్లకీ ఒకే రోజు హోమ్ మ్యాచ్ పెట్టరు కాబట్టి ఊపిరి ఆడుతోంది.

ఇంకో సంగతి. మ్యాచ్ అయ్యాక సాకర్‌బస్ రాత్రంతా తిరగదు. జనం తగ్గే దాకా ఏ కాఫీ షాపులోనో కూర్చుందాం అనుకుంటే బస్సులు అయిపోతాయి. అయితే మీకు ఇవేవీ అక్కర్లేదనుకుంటా, మీ పేరులోనే వారింగ్టన్ ఉందిగా. కింద ఎవరో ఒకరు చెప్తారు.

లైమ్‌స్ట్రీట్ లక్ష్మి:
నేను చెప్తాను. వారింగ్టన్ సెంట్రల్‌లో రైలెక్కండి, నేరుగా లివర్‌పూల్ మెయిన్ స్టేషన్ లైమ్ స్ట్రీట్. స్టేషన్ బయటికొచ్చి రోడ్డు దాటితే సెయింట్ జార్జెస్ హాల్ కనిపిస్తుంది. దాని పక్కనే సెయింట్ జాన్స్ లేన్. అక్కడ 917 నంబర్ ఎక్స్‌ప్రెస్ బస్సు మ్యాచ్ రోజుల్లో స్టేడియానికి తిరుగుతుంది. మధ్యలో స్టాపుల గోల లేదు, దగ్గర్లోనే దించుతుంది. 5:30 మ్యాచ్ ఏడున్నరకల్లా అయిపోతుంది కాబట్టి తిరిగి రైలు దొరకడం మీకు సమస్య కాదు.

ఇది వారింగ్టన్, మాంచెస్టర్ వాళ్లకి. లండన్ నుంచి రాత్రి 8 గంటల మ్యాచ్‌కి వచ్చేవాళ్లు హోటల్ బుక్ చేసుకునే రండి. ఆట ముగిసి మీరు లైమ్ స్ట్రీట్ చేరేసరికి లండన్ యూస్టన్ వెళ్లే రైలు ఉండదు. మా కజిన్ వాళ్ల బ్యాచ్‌లో ఏటా ఎవరో ఒకరు ఈ విషయంలో నాతో వాదిస్తారు, ఏటా మా హాల్లో పడుకుంటారు.

పాత కాపు:
మోకాళ్లు బాగున్నవాళ్లకి నా ఓటు నడకే. తిరుగు ప్రయాణంలో సెయింట్ డొమింగో రోడ్, హేవర్త్ స్ట్రీట్ మీదుగా లైమ్ స్ట్రీట్ వైపు వస్తే ముప్పావు గంట, కాస్త అటూ ఇటూ. చాలావరకు పల్లమే. కుడివైపు ఎవర్టన్ పార్క్, అక్కడినుంచి ఊరంతా, అవతల నది కనిపిస్తుంది. క్యూలో నిలబడే టైమ్‌లో సగం దారి వచ్చేస్తారు.

విద్యార్థి నం. 8:
నాదో ప్రశ్న. మా రూమ్మేట్ మ్యాచ్ రోజు ఒక రిటైల్ పార్క్‌లో కారు పెట్టాడు. రెండు గంటలు ఫ్రీ అని బోర్డు ఉంది, ఇతను వచ్చేసరికి నాలుగు దాటింది. అద్దం మీద ఏమీ అంటించలేదు, వారం తర్వాత ఇంటికి 100 పౌండ్ల లెటర్ వచ్చింది, త్వరగా కడితే 60 అట. ఇది పోలీసు కేసా? వీసాకి ఏమైనా ఎఫెక్ట్ ఉంటుందా? పాపం రెండు రోజుల నుంచి అన్నం తినట్లేదు.

పీసీఎన్ పంతులు:
ముందు అతన్ని అన్నం తినమనండి. ఇది క్రిమినల్ కేసు కాదు.

ఈ దేశంలో రెండు రకాల పార్కింగ్ నోటీసులున్నాయి, రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, రెండిటినీ జనం పీసీఎన్ (పెనాల్టీ లేదా పార్కింగ్ చార్జ్ నోటీస్) అనే అంటారు. కౌన్సిల్ ఇచ్చేది చట్టం ప్రకారం వేసే జరిమానా. దాని మీద ముందు కౌన్సిల్‌కి, వాళ్లు ఒప్పుకోకపోతే ట్రాఫిక్ పెనాల్టీ ట్రిబ్యునల్‌కి వెళ్లొచ్చు, ఫీజు లేదు. మీ రూమ్మేట్‌కి వచ్చింది ప్రైవేటు కంపెనీ బిల్లు. అది స్థలం యజమాని షరతులు మీరినందుకు అడిగే డబ్బు, అంతే. వాళ్లకి రాసి అభ్యంతరం చెప్పొచ్చు. తిరస్కరిస్తే ఆ కంపెనీ ఏ పార్కింగ్ కంపెనీల సంఘంలో ఉందో చూసి, ఇలాంటి అప్పీళ్లు వినే పాప్లా అనే సంస్థకో, ఐఏఎస్ అనే సంస్థకో అప్పీలు.

ఒకటి చూడమనండి. కెమెరా నంబర్ ప్లేటు పట్టుకుని పోస్టులో పంపే నోటీసు, కారు పెట్టిన మర్నాటి నుంచి 14 రోజుల్లోపు కారు యజమానికి చేరాలి. 2012 నాటి చట్టం అది. ఆలస్యమైతే, అప్పుడు కారు నడిపిందెవరో వాళ్లకి తెలియనంతవరకు, యజమాని దగ్గర వసూలు చేసే హక్కు ఆ చట్టం కింద వాళ్లకి ఉండదు. మీవాడికి వారంలోనే వచ్చిందంటున్నారు కాబట్టి ఆ దారి మూసుకుపోయింది. బోర్డు సరిగ్గా కనపడేలా ఉందో లేదో ఫొటోలు తీసుకోమనండి. లేదంటే 60 కట్టి వదిలించుకోవడం మేలు. పక్కన పడేయడం మాత్రం వద్దు, కోర్టు నుంచి వచ్చే కాగితాన్ని పట్టించుకోకపోతే అప్పుడు క్రెడిట్ రికార్డు పాడవుతుంది.

డ్రైవ్‌వే దాసు:
ఎవరూ చెప్పలేదేం, జస్ట్‌పార్క్ లాంటి యాప్‌లలో ఇళ్లవాళ్లు డ్రైవ్‌వే, అంటే ఇంటి ముందు తమ కారు పెట్టుకునే చోటు, అద్దెకిస్తున్నారు. నేను ఎప్పుడూ అదే. ఫైన్ బాధ లేదు, ఇంటివాళ్లకి నాలుగు డబ్బులు.

నైట్‌షిఫ్ట్ నర్స్:
దానికి నాకు అభ్యంతరం లేదు, వాళ్ల స్థలం వాళ్లది. కానీ స్టేడియానికి మరీ దగ్గర తీసుకోకండి. లోపలికి రావడం సులువే. ఆట అయ్యాక రోడ్లు తెరిచి జనం పల్చబడే దాకా మీరూ నాలాగే ఇరుక్కుంటారు. మైలు అవతల తీసుకున్నవాళ్లు మీకన్నా ముందు మోటార్‌వే ఎక్కుతారు.

దారిన పోయే దానయ్య:
అన్ని వేల సీట్లు పెంచినప్పుడు ఒక స్టేషన్ కట్టించొచ్చుగా? 2024 జూన్‌లో టేలర్ స్విఫ్ట్ మూడు రాత్రులు పాడితే కూడా జనం బస్సులకే వేలాడారు.

మెర్సీరైల్ మావయ్య:
దానయ్యా, తమాషా ఏంటంటే పట్టాలు ఉన్నాయి. కెనడా డాక్ బ్రాంచ్ అని, రేవుకి వెళ్లే లైను ఆ పక్కనుంచే పోతుంది. దాని మీద వాల్టన్ అండ్ యాన్‌ఫీల్డ్ అనే స్టేషనే ఉండేది, 1948లో మూసేశారు. ఇప్పటికీ గూడ్స్ బళ్లు తిరుగుతున్నాయి. ప్యాసింజర్ రైళ్లు మళ్లీ నడపాలని మాటలు వినపడుతూ ఉంటాయి. సరుకు రైళ్ల మధ్య ప్యాసింజర్లని ఇరికించడం, స్టేషన్లు మొదట్నుంచి కట్టడం, ఇదంతా ఖర్చు వ్యవహారం. ఏడాదికి ముప్ఫై చిల్లర రోజుల రద్దీ కోసం ఎవరు జేబులో చెయ్యి పెడతారు? నన్నడిగితే క్లబ్బు కొంత పెట్టాలి. సీట్ల ఆదాయం వాళ్లదేగా.

డ్రైవ్‌వే దాసు:
క్లబ్బు పెడితే టికెట్ రేటు పెంచుతుంది మావయ్యా, తిప్పి తిప్పి మన నెత్తినే.

లైమ్‌స్ట్రీట్ లక్ష్మి:
మీ రాజకీయాలు తర్వాత. బావగారూ, మీ సీట్లు ఎక్కడ? పై అంతస్తు అయితే మామగారికి బస్సు దిగాక నడిచే దూరం కన్నా లోపల మెట్లే ఎక్కువ ఇబ్బంది. ఆ సంగతి ఎవరూ అడగలేదు.

వారింగ్టన్ బావ:
అమ్మో. యాన్‌ఫీల్డ్ రోడ్ స్టాండ్, పైనే.

లైమ్‌స్ట్రీట్ లక్ష్మి:
అయితే ఇవాళే క్లబ్బు డిజేబిలిటీ టీమ్‌కి మెయిల్ పెట్టండి. ఆయన పరిస్థితి రాసి, లిఫ్ట్ వాడుకోవచ్చా, కింది సీట్లకి మార్చగలరా అని అడగండి. మ్యాచ్ రోజు గేటు దగ్గర స్టీవర్డ్‌ని అడిగితే అతనైనా ఏం చేస్తాడు. ఆ రోజు 917 క్యూ పెద్దదిగా ఉంటే టాక్సీ తీసుకోండి, కానీ రోడ్లు మూయకముందే, అంటే మూడు గంటలకల్లా లైమ్ స్ట్రీట్ నుంచి కదలాలి. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం గేటు దగ్గరికి టాక్సీ పిలవకండి, అక్కడికి రాలేదు. బస్సుకే నిలబడండి.

వారింగ్టన్ బావ:
మెయిల్ పెట్టేశాను అక్కా. కారు ఇంటి దగ్గరే. మూడింటికే బయల్దేరి స్టేడియం చేరితే కిక్ ఆఫ్ దాకా బాబుని ఎలా ఆపాలో అది మాత్రం ఇంకా తెలీదు.

గోల్‌పోస్ట్ గోవిందం:
స్టేడియం బయట లివర్‌పూల్ పాత మేనేజర్ షాంక్లీ విగ్రహం దగ్గర ఫొటోలు తీయండి. ఒక గంట అక్కడే పోతుంది, అందరూ లైన్లో ఉంటారు.